కరిగినా స్ఫటికమే
(విద్యార్థి వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో ఎవరో ఒక పెద్దమనిషి లేచి క్రమశిక్షణ గురించీ పట్టుదల గురించీ చెప్పడం మనకు అలవాటు. అవి చెప్పేవారికి మన సంఘంలో కొదవ లేదు. కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "ఈసారి ఒక వస్తువు గురించి మాట్లాడతానండీ" అన్నాను. "ఏ వస్తువు?" అన్నారు. "కొలెస్టరాల్ ఎస్టర్లు" అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "డాక్టరుగారు ఏమన్నా చెప్పారా?" అని మెల్లగా అడిగారు. నా ఆరోగ్యం బాగానే ఉందని సభాముఖంగా మనవి చేస్తున్నాను.

నేను బి.కాం. చదివినవాడిని. 1982లో బ్యాంకులో గుమాస్తాగా చేరి 37 ఏళ్ళు లెడ్జర్లతోనూ నోట్ల కట్టలతోనూ గడిపాను. నాకూ రసాయన శాస్త్రానికీ సంబంధం ఏమిటంటే, అది మన ట్రస్టు దరఖాస్తుల పరిశీలన ఉపసంఘంలో కలిసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు వస్తువు గురించి.

పిల్లలూ, మంచుగడ్డ కరిగితే నీళ్ళవుతుంది. మధ్యలో ఇంకో స్థితి ఉండదు. స్వచ్ఛమైన పదార్థం ఏదైనా ఒక నిర్ణీతమైన ఉష్ణోగ్రత దగ్గర కరగాలి. నెయ్యి అలా కాదు, కొంచెం కొంచెంగా మెత్తబడుతుంది, ఎందుకంటే అది అనేక కొవ్వుల మిశ్రమం. అందుకే రసాయన శాస్త్రజ్ఞులు తమ పదార్థం స్వచ్ఛంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ద్రవీభవన స్థానం చూస్తారు. మేము నోటును వెలుతురుకు ఎత్తి వాటర్‌మార్కు చూసినట్టు అనుకోండి.

1888లో ప్రేగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఈ పరీక్షే చేస్తున్నాడు. ఆయన చేతిలో ఉన్నది క్యారెట్ దుంపల నుంచి తీసిన కొలెస్టరాల్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి తయారుచేసిన పదార్థం. దాని పేరు కొలెస్టరిల్ బెంజోయేట్. దాన్ని వేడిచేస్తే 145.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగింది. కానీ తేటగా కాలేదు, పాలు కలిపినట్టు మబ్బుగా ఉండిపోయింది. ఇంకా వేడిచేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా తేటపడింది. చల్లార్చేటప్పుడు నీలం, ఊదా రంగులు మెరిసి మాయమయ్యాయి. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలన్నమాట! మా లెక్కల్లో అయితే, ఒకే ఖాతాకు రెండు నిల్వలు చూపించినట్టు.

సాధారణంగా ఇలాంటప్పుడు మనిషి "ఏదో మలినం ఉంది" అని చెప్పి సీసా పక్కన పెట్టేస్తాడు. రైనిట్జర్ అలా పెట్టలేదు. మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశాడు, అదే ఫలితం వచ్చింది. అప్పుడు ఈ విషయం తనకంటే బాగా తెలిసినవాడిని అడగాలనుకుని, 1888 మార్చి 14న జర్మనీలోని ఆహెన్ పట్టణంలో ఉన్న ఒటో లేమన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడికి పొడవాటి ఉత్తరం రాసి, నమూనాలు పంపాడు. లేమన్ దగ్గర ఒక ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని ఉండేది. గాజుపలక మీద పెట్టిన పదార్థాన్ని వేడిచేస్తూనే ధ్రువిత కాంతిలో చూడవచ్చు. చూస్తే ఆ మబ్బు ద్రవం నీళ్ళలా ప్రవహిస్తోంది, కాంతి విషయంలో మాత్రం స్ఫటికంలా ప్రవర్తిస్తోంది. 1889లో లేమన్ "ప్రవహించే స్ఫటికాలు" అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం ప్రచురించాడు. ద్రవ స్ఫటికాలు అనే మాట ఆ తర్వాత స్థిరపడింది.

వెంటనే అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. గుస్తావ్ టామన్ వంటి పెద్ద శాస్త్రజ్ఞులు ఇది నూనె నీళ్ళు కలిసినట్టు రెండు పదార్థాల మిశ్రమమే తప్ప కొత్త స్థితి కాదని ఏళ్ళ తరబడి వాదించారు. హాలే పట్టణంలో డేనియల్ ఫోర్లాండర్ ఇలాంటి గుణమున్న పదార్థాలను పెద్ద సంఖ్యలో తయారుచేసి చూపించాడు. ఇవి ఎక్కువగా పొడవాటి పుల్లల్లాంటి అణువులని తేల్చాడు. 1922లో ఫ్రాన్సు దేశస్థుడు జార్జ్ ఫ్రీడెల్ వీటిని మూడు రకాలుగా విభజించి పేర్లు పెట్టాడు. అణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉండి, వరుసల కట్టుబాటు లేకపోతే నెమాటిక్. దిక్కుతో పాటు పొరలు పొరలుగా కూడా సర్దుకుంటే స్మెక్టిక్. మూడోదానికి మన కొలెస్టరాల్ పేరే పెట్టారు, కొలెస్టరిక్ అని. లేమన్ అదే ఏడాది చనిపోయాడు. నోబెల్ బహుమానానికి ఆయన పేరు చాలాసార్లు ప్రతిపాదనకు వచ్చింది గానీ బహుమానం మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. కొలెస్టరాల్ వేరు, కొలెస్టరాల్ ఎస్టరు వేరు. కొలెస్టరాల్ అణువులో 27 కార్బన్లు, 46 హైడ్రోజన్లు, ఒకే ఒక్క ఆక్సిజన్ ఉంటాయి. నాలుగు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని పలకలా ఉంటుంది. ఒక చివర తోక, ఇంకో చివర ఆ ఆక్సిజన్ ఉన్న కొక్కెం. ఆ కొక్కేనికి ఏదైనా ఆమ్లాన్ని తగిలిస్తే ఒక నీటి అణువు బయటికి పోయి, మిగిలింది ఎస్టరు అవుతుంది. ఆమ్లాన్ని బట్టి ఎస్టరు పేరూ గుణమూ మారతాయి. బెంజోయిక్ ఆమ్లమైతే బెంజోయేట్, ఒలియిక్ ఆమ్లమైతే ఒలియేట్. కొక్కేనికి తోక తగలడంతో అణువు ఇంకా పొడుగ్గా సాగి, ద్రవ స్ఫటికం కావడానికి అనువుగా తయారవుతుంది.

మరి రంగులెందుకు వస్తాయి? ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. అగ్గిపుల్లలు పక్కపక్కన పేర్చిన ఒక పొర ఊహించుకోండి. దాని మీద ఇంకో పొర పెట్టి, పుల్లల దిక్కును రవ్వంత తిప్పండి. మూడో పొరను ఇంకొంచెం తిప్పండి. అలా పేర్చుకుంటూ పోతే గుడి గోపురంలోని చుట్టుమెట్ల వంటి అమరిక వస్తుంది. నిజానికి అక్కడ విడివిడి పొరలుండవు, మెలిక ఎడతెగకుండా సాగుతుంది, ఊహకు అందడం కోసం పొరలంటున్నాను. కొలెస్టరాల్ అణువు మన చేతిలాంటిది, ఎడమ కుడి తేడా ఉంటుంది. అద్దంలోని ప్రతిబింబంతో సరిపోదు. ఆ వంకర వల్లనే పక్క అణువు సూటిగా నిలబడలేక కొంచెం తిరుగుతుంది. దిక్కు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మొదటికి వచ్చేంత దూరాన్ని చుట్టు పొడవు అందాం. దాన్ని పదార్థపు వక్రీభవన గుణకంతో గుణిస్తే, నిటారుగా చూసినప్పుడు ఏ రంగు వెనక్కి వస్తుందో తెలుస్తుంది.

లెక్క చేద్దాం, లెక్కంటే నాకు హుషారు. గుణకం సుమారు 1.5 అనుకోండి. చుట్టు పొడవు 430 నానోమీటర్లయితే 645, అంటే ఎరుపు. 350 అయితే 525, ఆకుపచ్చ. 300 అయితే 450, నీలం. ఒక్క నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఆ కాస్త తేడాకే కంటికి రంగు మారిపోతుంది. చుట్టు పొడవును మార్చేది ఏమిటంటే, వేడి. ఈ పదార్థాల్లో చాలావాటికి చల్లబడే కొద్దీ స్మెక్టిక్ స్థితి దగ్గరపడుతుంది. స్మెక్టిక్ పొరలు మెలిక తిరగడానికి ఒప్పుకోవు, కాబట్టి చుట్టు సాగిపోతుంది. వేడెక్కే కొద్దీ బిగుసుకుంటుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఎరుపు, వేడెక్కితే ఆకుపచ్చ, ఇంకా వేడెక్కితే నీలం. మనం మామూలుగా ఎరుపును వేడికీ నీలాన్ని చల్లదనానికీ గుర్తుగా వాడతాం, ఇక్కడ అంతా తలకిందులు.

పక్కకు వంచి చూసినా రంగు నీలం వైపు జరుగుతుంది. 2016లో వచ్చిన కొత్త 500 రూపాయల నోటులో తీగను చూశారు కదా, వంచితే ఆకుపచ్చ నీలమవుతుంది. చూపు కోణాన్ని బట్టి రంగు మారడమంటే ఎలా ఉంటుందో అది చూస్తే తెలుస్తుంది.

ఒకే ఎస్టరుతో మనకు కావలసిన ఉష్ణోగ్రత దొరకదు. కొలెస్టరిల్ మిరిస్టేట్‌ను చూడండి. 71 డిగ్రీల దగ్గర స్ఫటికం కరిగి స్మెక్టిక్ అవుతుంది, సుమారు 79 దగ్గర కొలెస్టరిక్ అవుతుంది, 85 దగ్గర తేటపడుతుంది. అంత వేడి చేతికి పనికిరాదు. అందుకని కళాశాల ప్రయోగశాలల్లో మూడింటిని కలుపుతారు. కొలెస్టరిల్ ఒలియల్ కార్బొనేట్, కొలెస్టరిల్ పెలార్గొనేట్, కొలెస్టరిల్ బెంజోయేట్. నాకిది భాగస్వామ్య వ్యాపారంలో వాటాల్లా కనిపించింది. నూటికి 65, 25, 10 వాటాలైతే 17 నుంచి 23 డిగ్రీల మధ్య రంగులు వస్తాయి. 42, 48, 10 అయితే 31 నుంచి 34. 40, 50, 10 అయితే 32 నుంచి 35. 30, 60, 10 అయితే 37 నుంచి 40. బెంజోయేట్ వాటా కదలకుండా ఉంచి, మొదటి భాగస్వామి దగ్గర రెండు వాటాలు తీసి రెండో భాగస్వామికి ఇస్తే, ఈ హద్దుల్లో సరిగ్గా ఒక డిగ్రీ పైకి జరుగుతుంది. బి.కాం. చదివినవాడికి ఇంతకంటే ముద్దొచ్చే రసాయన శాస్త్రం ఎక్కడుంటుంది?

పసిపిల్లల నుదుటి మీద అంటించే జ్వరం పట్టీలు ఈ గుణంతోనే పుట్టాయి. ఒక్కొక్క అంకె కింద ఒక్కొక్క వాటాల మిశ్రమం. ఏ అంకె మెరిస్తే అది జ్వరం. పట్టీ నల్లగా ఎందుకుంటుందంటే, పదార్థం ఒక్క రంగును మాత్రమే వెనక్కి పంపుతుంది, మిగతా వెలుతురు లోపలికి పోతుంది. వెనక నలుపు ఉంటే ఆ వెలుతురును మింగేసి, మనకు కావలసిన రంగును తేటగా చూపిస్తుంది. 1960 ప్రాంతంలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ సంస్థలో జేమ్స్ ఫెర్గసన్ ఈ పనికి బాట వేశాడు. 1975లో అక్కడ మనసును బట్టి రంగు మారుతుందని చెప్పి ఉంగరాలు తెగ అమ్మారు. ఆ రాయి చూపించేది వేలి వెచ్చదనమే. ఎవరైనా అలాంటిది అమ్మబోతే నవ్వి వచ్చేయండి.

గోడ గడియారాల్లో, కాలిక్యులేటర్లలో బూడిదరంగు అంకెలు చూపించేవి వీటి దాయాదులైన నెమాటిక్ పదార్థాలు. 1968లో అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థలో జార్జ్ హైల్‌మయర్ బృందం మొదటి ద్రవ స్ఫటిక తెరను ప్రకటించింది. 1973లో ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది ఉష్ణోగ్రతలో నిలకడగా ఉండే పదార్థాన్ని తయారుచేసింది. 1888 నుంచి 1968 దాకా లెక్కేయండి. ఎనభై ఏళ్ళు డివిడెండు రాని పెట్టుబడి అది!

ఇప్పుడు తల్లిదండ్రులకు సంబంధించిన భాగం. రక్తపరీక్ష కాగితంలో కొలెస్టరాల్ అని ఒక అంకె చూస్తారు కదా, అందులో సుమారు 70 శాతం ఎస్టరు రూపంలోనే ఉంటుంది. నాకు అర్థమైనట్టు చెబుతాను. విడి కొలెస్టరాల్ కౌంటరు మీది రొక్కం, ఎస్టరు డిపాజిటు. శరీరం కొలెస్టరాల్‌ను దాచుకోవాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయాలన్నా దానికి కొవ్వు ఆమ్లపు తోక తగిలించి మూట కడుతుంది. చెడ్డ కొలెస్టరాల్ అని మనం పిలిచే ఎల్.డి.ఎల్. అలాంటి మూటే. దాని అడ్డుకొలత సుమారు 22 నానోమీటర్లు, కడుపులో సుమారు 1500 ఎస్టరు అణువులు. ఈ మూటను కణాలు ఎలా అందుకుంటాయో కనిపెట్టినందుకు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకు 1985లో నోబెల్ బహుమానం వచ్చింది.

విచిత్రం ఏమిటంటే, ఆ మూట లోపలి ఎస్టర్లు శరీర ఉష్ణోగ్రత చుట్టుపక్కలనే స్థితి మారతాయి. చల్లగా ఉంటే స్మెక్టిక్ పొరల్లా సర్దుకుంటాయి, వెచ్చబడితే నూనెలా వదులవుతాయి. తోకను బట్టి తేడా ఉంటుంది. కొలెస్టరిల్ ఒలియేట్ సుమారు 50 డిగ్రీల దగ్గర సూటిగా తేటపడుతుంది, ద్రవ స్ఫటికం కనబడదు. చల్లార్చేటప్పుడు మాత్రం గట్టిపడకుండా ముందు కొలెస్టరిక్, తర్వాత స్మెక్టిక్ అవుతుంది. లినోలియేట్‌కు ఇవన్నీ ఇంకా తక్కువ ఉష్ణోగ్రతల్లో జరుగుతాయి. ధమని గోడలో కొవ్వు చేరడం మొదలైనప్పుడు అక్కడి కణాల్లో ఈ ఎస్టర్లు చిన్న చిన్న బొట్లుగా పోగుపడతాయి. ధ్రువిత కాంతిలో చూస్తే ఆ బొట్లలో వెలుగు శిలువ ఆకారంలో కనిపిస్తుంది, లేమన్ చూసినలాంటి ద్రవ స్ఫటికమే అది. 1970లలో బోస్టన్ విశ్వవిద్యాలయంలో డోనల్డ్ స్మాల్ బృందం దీన్ని శ్రద్ధగా పరిశీలించింది. అంటే ఆ దశలో ఉన్నది రాయి కాదు, కదలగలిగిన పదార్థం. రాను రాను విడి కొలెస్టరాల్ స్ఫటికాలు ఏర్పడితే అవి గట్టివి. మందుల సంగతి డాక్టర్లు చెబుతారు, నేను చెప్పను. యాభై దాటినవారు పరీక్ష చేయించుకోండి, ఆ కాగితం దేవుడి పటం వెనక దాచకండి.

ఇక మన ఊరి సంగతి. మైసూరు విశ్వవిద్యాలయంలో 1961 నుంచి భౌతిక శాస్త్ర విభాగాన్ని నడిపి, 1971లో బెంగుళూరు రామన్ పరిశోధన సంస్థకు వచ్చిన ఎస్. చంద్రశేఖర్‌గారు ఈ శాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించిన మనిషి. సర్ సి.వి. రామన్‌గారికి మేనల్లుడు. నక్షత్రాల మీద పరిశోధించి నోబెల్ పొందిన చంద్రశేఖర్ వేరు, కలపకండి. అప్పటిదాకా ద్రవ స్ఫటికం అంటే పుల్లలాంటి అణువే అనుకునేవారు. 1977లో ఈయన, బి.కె. సదాశివ, కె.ఎ. సురేశ్ కలిసి బిళ్ళలాంటి అణువులు కూడా ద్రవ స్ఫటికాలు అవుతాయని చూపించారు. రూపాయి నాణేలు దొంతి పెట్టినట్టు నిలువుగా పేరుకుంటాయవి. ఆ వ్యాసం విదేశీ పత్రికలో కాదు, మన దేశపు 'ప్రమాణ' పత్రికలో వచ్చింది. 1991లో జాలహళ్ళిలో ద్రవ స్ఫటిక పరిశోధన కేంద్రాన్ని స్థాపించి, 2004లో కన్నుమూశారు. ఆ కేంద్రం ఇప్పుడు నానో, మృదు పదార్థ విజ్ఞాన కేంద్రంగా నడుస్తోంది. మన పిల్లలు బస్సు ఎక్కి వెళ్ళగలిగినంత దూరంలో ఇంత పని జరిగింది. మనలో ఎంతమంది ఇళ్ళల్లో ఆయన పేరు వినబడింది?

దరఖాస్తుల సంగతి చెబుతానన్నాను కదా. ఈ ఏడాది ఒక అమ్మాయి, ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం రెండో సంవత్సరం, వాళ్ళ నాన్నతో ముఖాముఖికి వచ్చింది. ఆయనది చిన్న కుట్టు అంగడి. ఏం చదువుతున్నావమ్మా అంటే, మూత బిగించిన చిన్న సీసా తీసి, దాని వెనక నల్లకాగితం పెట్టి, "సార్, చేతిలో పట్టుకోండి" అంది. తెల్లగా ఉన్నది నా అరచేతిలో ఎర్రబడి, ఆకుపచ్చగా మారి, నీలమైంది. పైన నేను చెప్పినదంతా ఆ అమ్మాయి ఆ పూట మొదలుపెట్టింది, తర్వాత నేను పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నాను. తండ్రి నిలబడే ఉన్నాడు. "అన్నా, ఇది అమ్ముడుపోతుందా?" అని అడిగాడు. జ్వరం పట్టీల సంగతి చెప్పాను. "మంచిదే అన్నా. ఈ పిల్ల ఇంకా ఐదేళ్ళు పిహెచ్.డి. చదువుతానంటోంది. దీని తమ్ముడికి వచ్చే ఏడు ఫీజు కట్టాలి. అమ్ముడుపోయేదాకా ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. పరిశోధన ఉపకారవేతనాలు ఉన్నాయి, నెట్ పరీక్ష ఉంది, వాటి వివరాలు రాసిచ్చాను. కానీ ఎం.ఎస్సీ. ముగియడానికీ ఆ డబ్బు చేతికి రావడానికీ మధ్య ఒక ఏడాదో, ఏడాదిన్నరో ఖాళీ పడుతుంది. మన పిల్లలు ఆగిపోయేది ఆ ఖాళీలోనే. పరీక్ష తప్పి కాదు. పోయిన పదేళ్ళ మన రిజిస్టరు తిరగేశాను. సైన్సులో ఎం.ఎస్సీ.కి మన దగ్గర వేతనం తీసుకున్న పిల్లలున్నారు, ఆ తర్వాతి గడిలో ఏమీ రాసి లేదు. ఇంజనీరింగు, వైద్యం చదివేవారికి మన ట్రస్టు మొదటి నుంచీ రెట్టింపు ఇస్తోంది. నియమం పెట్టిన పెద్దల ఉద్దేశం మంచిదే, త్వరగా ఉద్యోగం వస్తే కుటుంబం నిలబడుతుందని. ఆ రెట్టింపును తగ్గించమని నేను అడగడం లేదు.

నేను అడిగేది ఒక్కటే. ఎం.ఎస్సీ. పూర్తిచేసి, పరిశోధనకు ప్రవేశం కోసం ఎదురుచూసే పిల్లలకు ఆ ఖాళీ కాలానికి నెలవారీ సాయం ఇద్దాం. ఏడాదికి ఇద్దరికి చాలు. ఉద్యోగం వచ్చాక వాయిదాల్లో, వడ్డీ లేకుండా తిరిగి కట్టే ఏర్పాటు చేద్దాం. లెక్కలు నేను కాగితం మీద వేసి కోశాధికారిగారికి ఇచ్చాను. మన డిపాజిట్ల మీద వచ్చే వడ్డీలో ఇది ఇబ్బంది లేకుండా సరిపోతుంది. మూలధనం ముట్టుకోనక్కర్లేదు. వచ్చే నెల ధర్మకర్తల సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు వస్తుంది. సభ్యులైన తల్లిదండ్రులు మీ అభిప్రాయాన్ని, వ్యతిరేకమైనా సరే, కాగితం మీద రాసి ఈ రోజే కార్యాలయంలో ఇవ్వండి. ఆ కుట్టు అంగడి ఆయన ఇంకా ఏ నిర్ణయమూ చెప్పలేదు. సమావేశం దాకా ఆగమని అడిగాను, ఆగుతానన్నాడు.

సీసాలు నాలుగు వెనక బల్ల మీద ఉన్నాయి, ఆ అమ్మాయి అక్కడే ఉంటుంది. మూత తీయకండి, అరచేతిలో పట్టుకుని నల్లకాగితం మీద చూడండి. చిన్నపిల్లలకు పెద్దలు పట్టి చూపించండి. ఒక సీసా 37 డిగ్రీలకు కలిపింది, అది మీ చేతిలో మారదు. ఎందుకు మారదో ఆ అమ్మాయిని అడగండి. భోజనాలు పన్నెండున్నరకు.